పైపు బెండు లెక్క ముందా, చేతి పని ముందా?

వరంగల్ ట్రైనీ:
ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ చేస్తున్నాను, సెలవుల్లో ఒక మేస్త్రీ దగ్గర పనికి పోతున్నాను. క్లాసులో 45 డిగ్రీలకి ఆఫ్‌సెట్‌ని (లైను పక్కకి జరగాల్సిన దూరం) 1.414తో గుణించు, 90 డిగ్రీల వంపుకి రేడియస్‌ని 1.57తో గుణించు అని బెండు లెక్కలు చేయిస్తున్నారు. సైటులో మేస్త్రీ మాత్రం "అంతా సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు), ఎల్బో (మలుపు ముక్క) పెట్టి అతికించడమే, ఆ లెక్కలు నీకెందుకురా" అంటున్నాడు. దీనికి ఇప్పుడు టైమ్ పెట్టాలా, చేయి తిరిగాక చూసుకోవచ్చా? పరీక్ష కూడా ఉంది, టెన్షన్‌గా ఉంది.

రాజమండ్రి మేస్త్రీ:
తమ్ముడూ, మీ మేస్త్రీ తప్పు చెప్పలేదు. సీపీవీసీని కాల్చి వంచకూడదు, వంచిన చోట పైపు మందం తగ్గిపోతుంది. జీఐని (జింకు పూత ఉన్న ఇనుప పైపు) కాల్చి వంచితే జింకు పూత పోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. ఇక ఇంటి పనిలో వంచేదెక్కడ? పైగా మన గోడలు మూలమట్టానికి ఉండవు. 90 డిగ్రీలని లెక్కేసి కోసుకుపోతే అక్కడ మూల 88 ఉంటుంది. అందుకే మేం పైపుని ఆ చోటే ఆనించి గీత గీసి కోస్తాం. నువ్వు ముందు పైపు నిటారుగా కోయడం, అంచు గీకి నున్నగా చేయడం, సొల్యూషన్ (పైపు అతికించే జిగురు) చుట్టూ సమంగా పట్టించడం నేర్చుకో.

జగిత్యాల నుంచి దోహా (ఫోర్‌మన్):
అన్నా, ఇంట్లో వంచే పని తక్కువే, ఒప్పుకుంటా. కానీ 1.414 అనేది వంచడానికి ఒక్కదానికే కాదు కదా. బీము అడ్డొచ్చి లైనుని 200 మి.మీ. పక్కకి జరపాలి అనుకో. రెండు 45 ఎల్బోలు పెడితే వాటి సెంటర్ల మధ్య దూరం 283 మి.మీ. ఎల్బో సెంటర్ నుంచి లోపల పైపు ఆగే అంచు దాకా టేపుతో కొలిచి, ఆ కొలత రెండు వైపులా తీసేస్తే కోయాల్సిన ముక్క వచ్చేస్తుంది. ఇది రానివాడు ముక్క కోసి, పెట్టి చూసి, చాలక ఇంకోటి కోస్తాడు. ఇక్కడ డ్రాయింగ్ చూసి ముక్కలన్నీ కిందే కోసి పై అంతస్తుకి పంపుతాం. ఆనించి గీసుకుందామంటే అక్కడ ఇంకా గోడే లేచి ఉండదు.

రాగి పైపు సంగతి వేరే. 90 బెండుకి రెండు కాళ్లూ (వంపుకి రెండు వైపుల పైపు) మూల దాకా 500, 500 అని డ్రాయింగ్‌లో ఉంటే కొత్తవాడు 1000 కోస్తాడు. రేడియస్ 100 ఉన్న బెండరైతే (పైపు వంచే పనిముట్టు) వంపులో పట్టే పైపు 157 మాత్రమే, మూల దాకా లెక్కేసింది ఒక్కో వైపు 100 చొప్పున 200. అంటే 43 మి.మీ. మిగులుతుంది, కోయాల్సింది 957. చివర నుంచి 400 దగ్గర గీత పెట్టి అక్కడ వంపు మొదలుపెట్టాలి. రాగి వదిలాక కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి 90 దాటించి వదలాలి. ఎంత దాటించాలనేది మాత్రం చేతికే తెలియాలి, అది ఏ సూత్రమూ చెప్పదు.

రాజమండ్రి మేస్త్రీ:
ఆ చివరి మాటే నేను చెప్పేది. మా గురువుగారు సన్న కడ్డీని బీము చుట్టూ వంచి నమూనా తీసి, దాని మీద పైపు పెట్టి చూసేవారు. ఏ లెక్కా లేకుండా వంపు సరిగ్గా కూర్చునేది.

జగిత్యాల నుంచి దోహా:
నమూనా మంచి పద్ధతే అన్నా, ఒక వంపుకి. అదే ఆఫ్‌సెట్ పది ఫ్లాట్లలో వస్తే ఒక్క లెక్కతో పది ముక్కలు కోయొచ్చు. మూల 88 ఉందంటారా, 3-4-5 కొలతతో ముందే పట్టేయొచ్చు: మూల నుంచి ఒక గోడ మీద 3, రెండో గోడ మీద 4 కొలిస్తే ఆ చివరల మధ్య 5 రావాలి, రాకపోతే మూల 90 కాదు. అదీ లెక్కే. తమ్ముడూ, మేస్త్రీ దగ్గర చేయి నేర్చుకో, కానీ కోసే ముందు ప్రతి ముక్క పొడవూ కాగితం మీద వేసుకో. కోశాక పోల్చి చూడు.

వరంగల్ ట్రైనీ:
థాంక్స్ అన్నా. ఒక డౌట్. 30 డిగ్రీలకైతే 2తో గుణిస్తే చాలు కదా, ఇంత తేలికైనప్పుడు అందరూ 45 ఎందుకు వాడతారు?

జగిత్యాల నుంచి దోహా:
చోటు కోసం. అదే 200 జరపడానికి 45లో గోడ వెంట 200 చాలు, 30లో 346 కావాలి. పైగా 30కి షాపులో ఎల్బో దొరకడం కష్టం, బెండరుతో వంచే పైపుకే అది పనికొస్తుంది. చోటుంటే రాగి లైనుకి 30 పెట్టు, వంపు మెత్తగా ఉంటుంది, నీళ్లూ తేలిగ్గా పోతాయి.