‘ధైర్యముతో’ అన్నచోట ‘చనువు’ ఇమడదా?

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 4:16లోని “ధైర్యముతో కృపాసనమునొద్దకు (దేవుని కృపా సింహాసనం దగ్గరకు, అంటే ప్రార్థనలో ఆయన ఎదుటికి) చేరుదము” అన్న మాటలో ‘ధైర్యము’ మూలార్థాన్ని పూర్తిగా పట్టిస్తుందా అని ఒక సభ్యులు అడిగారు. నా ఉద్దేశంలో అది సగమే పట్టిస్తుంది.

అక్కడి గ్రీకు మాట ‘పర్రేసియా’. ‘పాన్’ అంటే సమస్తం, ‘రేసిస్’ అంటే పలుకు. మనసులో ఉన్నదంతా దాచకుండా చెప్పడం అని అర్థం. ఏథెన్సులో అది పౌరుడికి ఉన్న హక్కు, బానిసకు లేనిది. తెలుగు బైబిలులోనే ఈ మాట మార్కు 8:32లో ‘బహిరంగముగా’ అనీ, యోహాను 16:29లో ‘స్పష్టముగా’ అనీ, అపొస్తలుల కార్యములు 4:13లో ‘ధైర్యము’ అనీ సందర్భాన్ని బట్టి మారింది. చివరిచోట పేతురు, యోహాను తమను శిక్షించగల అధికారుల ఎదుట నిలబడి మాట్లాడుతున్నారు కనుక ధైర్యమే సరైన మాట. ప్రార్థనలో ఎదుట ఉన్నది తండ్రి. భయం ఉన్నచోటే ధైర్యం అవసరమవుతుంది. ఇంటి బిడ్డకు కావలసింది చనువు.

మా నాయనమ్మ ఆరాధనలో ప్రార్థించమంటే “మహోన్నతుడవైన తండ్రీ, నీ పాదసన్నిధికి వచ్చుచున్నాము” అని గ్రాంథికంలో మొదలుపెట్టేది. అదే మనిషి వంటింట్లో బియ్యం చెరుగుతూ, “ఏందయ్యా ప్రభువా, ఆ పిల్లకి జ్వరం తగ్గేదెప్పుడు, నువ్వు చూస్తా ఊరకుంటే ఎట్లా?” అని నిలదీసేది. కన్నతండ్రిని జీవితాంతం ‘మీరు’ అన్న ఆమె దేవుణ్ణి మాత్రం ‘నువ్వు’ అనేది. ఇది క్రైస్తవులకే పరిమితమైన అలవాటు కాదు. చెరసాలలో ఉన్న భద్రాచల రామదాసు రాముణ్ణి దెప్పిపొడిచింది కూడా ఈ చనువుతోనే.

రోమా 8:15 దాస్యపు ఆత్మకూ దత్తపుత్రాత్మకూ తేడా చెప్పి, “అబ్బా తండ్రీ” అనే మొర దగ్గర ఆగుతుంది. (అరామిక్ ‘అబ్బా’కూ మన ‘అబ్బసొమ్ము’లోని అబ్బకూ చుట్టరికం లేదు, అర్థం మాత్రం ఒక్కటే.) బైజాంటియ (తూర్పు ఆర్థడాక్స్ సంఘాల) ఆరాధన క్రమంలో, యేసు నేర్పిన పరలోక ప్రార్థనకు ముందు, దేవుణ్ణి తండ్రీ అని పిలిచేందుకు ఈ పర్రేసియానే అనుగ్రహించమని గురువు వేడుకుంటాడు. అడిగి తెచ్చుకోవలసిన చనువు అది.

అయితే ‘చనువుతో కృపాసనమునొద్దకు’ అని మార్చమని నేను అనను. చనువిస్తే నెత్తికెక్కడం అనే ఛాయ ఆ మాటను వదలదు, పైగా కృపాసనమంటే సింహాసనం. ఎఫెసీయులకు 3:12లో ‘ధైర్యము’ పక్కనే ‘ప్రవేశము’ కూడా ఉంది. ఈ రెండింటినీ కలిపి మోయగల తెలుగు మాట ‘చొరవ’ అని నాకు తోస్తుంది. చొరు అంటే ప్రవేశించు కదా. లోపలికి వెళ్లగలగడమూ, వెళ్లి నోరు విప్పగలగడమూ అందులో ఉన్నాయి.