అంటార్కిటికా ద్వీపకల్పానికి ఏ నెలలో, ఎలాంటి ఓడలో వెళ్లాలి?

తొలియాత్ర:
నమస్కారం. అర్జెంటీనాలోని ఉషువాయా రేవు నుంచి బయలుదేరి అంటార్కిటికా ద్వీపకల్పాన్ని చూసి వచ్చే పదకొండు రోజుల ఓడ ప్రయాణానికి మేమిద్దరం సిద్ధపడుతున్నాం. హిమానీనదాలను, పెంగ్విన్లను, వీలైతే తిమింగలాలను చూడాలన్నది మా కోరిక. నవంబరు నుంచి మార్చి వరకు ఓడలు తిరుగుతాయని తెలిసింది గానీ, నెల మారితే కనిపించేవి ఎంతగా మారతాయో తెలియడం లేదు. మా ఆవిడకు బస్సు ప్రయాణమే పడదు. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ నడుమ దాటవలసిన డ్రేక్ జలసంధి గురించి చదివినప్పటి నుంచి వెనకాడుతోంది. అదీగాక, నూట యాభై మంది ఎక్కే ఓడకూ ఆరు వందల మంది ఎక్కే ఓడకూ ధరలో చాలా వ్యత్యాసం ఉంది. చిన్న ఓడకు అంత పెట్టడం అవసరమేనా?

తెల్లరెక్క:
ఓడ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడే చాలామంది పొరపడుతున్నారు. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ నుంచి అంటార్కిటికాలో ఎవరినీ ఒడ్డుకు దింపకూడదన్నది నియమం. అంటే మీరు చెప్పిన ఆరు వందల మంది ఓడ నిండుగా బయలుదేరితే, మీరు ఆ ఖండాన్ని డెక్కు మీది నుంచి చూసి తిరిగి రావలసిందే. చిన్న ఓడల్లోనూ ఒక చోట ఒకేసారి వంద మందికి మించి దిగకూడదు గనుక, నూట యాభై మంది రెండు జట్లుగా వెళతారు. నాలుగు వందల మంది ఉంటే వంతు కోసం ఎదురుచూడటంలోనే సగం పూట గడిచిపోతుంది. నన్నడిగితే గది చిన్నదైనా సరే, ఓడ చిన్నది ఎంచుకోండి.

డ్రేక్ జలసంధి సుమారు 800 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, దాటడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. ఆ అక్షాంశాల దగ్గర భూగోళం చుట్టూ ఎక్కడా గాలికి అడ్డుపడే నేల లేదు, అందుకే అలలు అంతగా లేస్తాయి. కింది అంతస్తులో, ఓడ నడిమి భాగాన ఉన్న గది అడగండి. ఊగుడు అక్కడ తక్కువ. మాత్ర వేసుకోవలసింది కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, ఓడ రేవు వదలకముందే. చెవి వెనక అంటించుకునే మందు పట్టీ వాడాలనుకుంటే మాత్రం డాక్టరును అడగండి, గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారికి అది ప్రమాదం కావచ్చు. చిలీలోని పుంటా అరేనాస్ నుంచి అంటార్కిటికాలోని కింగ్ జార్జ్ దీవికి విమానంలో వెళ్లి అక్కడ ఓడ ఎక్కే యాత్రలూ ఉన్నాయి, కానీ పొగమంచు కమ్మితే విమానం కోసం రోజుల తరబడి ఆగవలసి రావచ్చు.

గులకరాయి:
నెల గురించి నేను చెబుతాను, రెండుసార్లు వెళ్లాను గనుక. నవంబరులో మంచుకు ఇంకా మురికి పట్టలేదు, పెంగ్విన్లు గూళ్లు కట్టుకుంటున్నాయి. ఒక జెంటూ పెంగ్విన్ ముక్కున గులకరాయి పట్టుకుని అంత దూరం నడిచి వచ్చి, గూటిలోని జోడీ ముందు తలవంచి పెట్టి, మరో రాయికి వెళ్లింది. అది ఇటు తిరిగిందో లేదో పక్క గూటిది మెడ చాపి ఆ రాయిని లాగేసుకుంది. ఆ దొంగతనాన్ని చూస్తూ ఇరవై నిమిషాలు నిలబడిపోయాను.

రెండోసారి ఫిబ్రవరి చివర వెళ్లాను. పిల్లలు ఎదిగి ఈకలు రాల్చుకుంటున్నాయి, నేలంతా గులాబీరంగు రెట్ట, ఆ కంపు కోటుకు పట్టి ఓడ దాకా వచ్చింది. అయితే క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులను తిని బలిసిన హంప్‌బ్యాక్ తిమింగలాలు విల్హెల్మినా అఖాతంలో మా రబ్బరు పడవకు రెండు వైపులా ఊపిరి వదిలాయి. పిల్లలను చూడాలంటే డిసెంబరు చివరి నుంచి జనవరి, తిమింగలాల కోసమైతే ఫిబ్రవరి, మార్చి.

నీలిమంచు:
హిమానీనదాన్ని దగ్గరగా చూడాలన్నారు గనుక ఒక మాట. నెకో హార్బర్‌లో మా గైడు నీటి అంచున ఎవరినీ నిలవనివ్వలేదు, ఎందుకో అరగంటకు తెలిసింది. ఎదుటి హిమానీనదం నుంచి ఒక పలక నిశ్శబ్దంగా జారింది, ఉరుము లాంటి శబ్దం ఆ తర్వాత వినిపించింది, ఇంకాసేపటికి అల వచ్చి మేము అంతకు ముందు నడిచిన ఒడ్డంతా ముంచేసింది. ఆ తర్వాత నీటిపై తేలే ముక్కల మధ్య పడవ ఆపి మోటారు కట్టేస్తే చిటపటమని వినిపించింది. మంచులో ఏనాడో చిక్కుకున్న గాలిబుడగలు పగిలే చప్పుడది.

దిగే ముందు బట్టల తనిఖీని విసుక్కోవద్దు. నా బ్యాగు అంటుపట్టీలో (వెల్క్రోలో) ఇరుక్కున్న గడ్డిగింజలను చిమటాతో ఒక్కొక్కటిగా తీశారు. కింగ్ జార్జ్ దీవిలో బయటి గడ్డి ఇప్పటికే వేళ్లూనుకుంది మరి. పెంగ్విన్లకు 5 మీటర్ల దూరం పాటించాలి, అవి నడిచే దారికి అడ్డు రాకూడదు. బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి నేల మీద కూర్చోవడం, మోకాళ్లూనడం కూడా నిషేధం.

తొలియాత్ర:
అందరికీ కృతజ్ఞతలు. పెద్ద ఓడ ఆలోచన మానుకున్నాం, ఫిబ్రవరి మధ్యలో నూట యాభై మంది ఓడకే వెళతాం. మోకాళ్లూనకూడదంటే ఫోటోలు తీయడం ఎలా?

నీలిమంచు:
తెర మడిచి తిప్పగలిగే కెమెరా అయితే చేయి కిందికి దించి తీయవచ్చు. లేకపోతే వంగండి, ఫరవాలేదు. బూట్లు తప్ప మరేదీ నేలకు తగలకూడదు, అంతే. సంచీ కూడా కింద పెట్టనివ్వరు.