టర్కీ కోడి పిల్లలకు బల్బు మేలా, నాటు పెట్ట మేలా?

వేపచెట్టు నీడ (రాయదుర్గం):
వచ్చే వారం ఒక్కరోజు వయసున్న టర్కీ పిల్లలు పదిహేను తెచ్చుకుంటున్నాను. నాటుకోళ్లు మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్నాయి కానీ టర్కీలను పెంచడం ఇదే మొదలు. వాటిని బల్బు వేడిలో ఉంచుదామనుకున్నాను. "పొదుగు మీద పెట్ట ఉండగా కరెంటు దండగ ఎందుకు? రాత్రి చీకట్లో దాని కిందకు తోసేస్తే తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది" అంటారు మా అత్తగారు. పిల్లలు అమ్మే ఆయనేమో నాటుకోళ్ల దరిదాపులకే పోనివ్వవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

పెరటి గంప (ఆదోని):
అత్తగారి మాటే వినండి చెల్లెమ్మా. టర్కీ పిల్లకు చలి కన్నా పెద్ద గండం ఆకలి. ఎదురుగా దాణా పోసినా అది తిండి అని తెలియక మాడి చస్తుంది. పెట్ట ముక్కుతో నేల పొడిచి, పిలిచి మరీ తినిపిస్తుంది. ఆ పని బల్బు చేస్తుందా? పైగా మన ఊళ్లలో రాత్రి కరెంటు పోతే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి. పెట్ట వేడికి కరెంటు కోత లేదు.

దాణా లెక్క (ప్రొద్దుటూరు):
ఆకలి సంగతి అన్న సరిగ్గా చెప్పారు. పెట్టతో పాటు వచ్చే పురుగు సంగతి మాత్రం వదిలేశారు. నాటుకోడి పేగు చివర సన్నటి పురుగులు ఉంటాయి. వాటి గుడ్లలో బ్లాక్‌హెడ్ జబ్బు తెచ్చే సూక్ష్మజీవి దాక్కుని రెట్టతో బయటికి వస్తుంది. కోడికి దాంతో పెద్ద బాధ ఉండదు, హాయిగా తిరుగుతుంది. అదే టర్కీకి సోకితే కాలేయం పుండ్లు పడుతుంది, గంధకం రంగులో పసుపు రెట్ట వేస్తుంది, మందలో చాలా భాగం పోతుంది. అమెరికాలో దీనికి వాడిన నైటార్సోన్‌ను 2015 చివర ఉపసంహరించాక అక్కడ ఆమోదం పొందిన మందే లేకుండా పోయింది. పిల్లలు అమ్మే ఆయన భయం ఊరికే కాదు.

పెరటి గంప:
మా వీధిలో టర్కీలు, నాటుకోళ్లు ఒకే దొడ్లో తిరుగుతున్నాయి. పసుపు రెట్ట ఎవరూ చూడలేదు. ఈ జబ్బు వానపాముల వల్ల కూడా వస్తుందంటారు. మన అనంతపురం ఎండు నేలలో వానపాము ఎక్కడ దొరుకుతుంది?

దాణా లెక్క:
వానపాము దొరక్కపోయినా ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పిల్ల నేల పొడిస్తే చాలు. మీ వీధి కోళ్లలో ఆ సూక్ష్మజీవి లేదేమో, సంతోషం. రాయదుర్గంలో వీరి కోళ్లలో లేదని మీరు పూచీ ఉంటారా?

కుంపటి వద్దు (తాడిపత్రి):
వాదం మీరు తేల్చుకోండి. అక్కా, బల్బు పెట్టదలిస్తే పాత రకం ఫిలమెంటు బల్బు వెతికి కొనండి. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు. మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. పిల్లలు ముద్దకట్టి అరుస్తుంటే చలి, నోరు తెరిచి దూరం జరుగుతుంటే వేడి ఎక్కువ. మన ఎండాకాలం పగళ్లలో బల్బు ఆర్పేయాల్సి వస్తుంది. అట్టతో గుండ్రంగా కంచె కట్టండి, మూలలుంటే అక్కడే తొక్కుకుని చస్తాయి. నున్నటి పేపరు పరిస్తే కాళ్లు జారి అడ్డంగా విచ్చుకుపోతాయి, ఊక పరిచి పైన గోనెపట్టా వేయండి. నీళ్ల పళ్లెం లోతు తక్కువగా ఉండాలి. అందులో రంగు గోళీలు వేస్తే మెరుపు చూసి పొడుస్తాయి, అలా తాగడం అలవాటవుతుంది. కరెంటు పోయిందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, ఆ పొగ మీకూ ప్రమాదమే. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో ఉంచండి.

వేరుశనగ మడి (కల్యాణదుర్గం):
టర్కీ పిల్లకు దాణాలో 28 శాతం మాంసకృత్తులు కావాలంటారు. అంత బలమైన దాణా కొనడం ఎందుకు? మన దగ్గర వేరుశనగ చెక్క ఉంది కదా, కలిపి పెట్టండి.

దాణా లెక్క:
దయచేసి ఆ పని చేయకండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు ఎందుకు చనిపోతున్నాయో తెలియక దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. చివరికి కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో పట్టిన బూజు అని తేలింది. అఫ్లాటాక్సిన్ విషం లోకానికి తెలిసింది ఆ టర్కీల వల్లే. కోడి తట్టుకునే మోతాదును కూడా టర్కీ పిల్ల తట్టుకోలేదు. కళ్లంలో కాయ తడిసిన ఏడాది చెక్క ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు.
బ్రాయిలర్ ప్రీస్టార్టర్ (మాంసపు కోడిపిల్లలకు మొదటి రోజుల్లో పెట్టే దాణా) కొనేటప్పుడు కూడా సంచి మీద చీటీ చదవండి. సాలినోమైసిన్ కలిపి ఉంటే వద్దు, కోళ్లకు రక్తపారుడు రాకుండా వేసే ఆ మందు టర్కీలకు విషం. మాంసకృత్తుల లోటు పూడ్చడానికి పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు, లీటరు నీళ్లలో 100 మిల్లీలీటర్ల పాలు రెండు వారాలు ఇవ్వండి. పాల నీళ్లు పూట పూటకూ మార్చాలి.

పెరటి గంప:
అన్నీ బాగానే ఉన్నాయి. తినడం ఎవరు నేర్పుతారన్న నా ప్రశ్నకు గోళీలు, గుడ్లు జవాబా? పక్కన కూర్చుని ఒక్కో పిల్ల ముక్కు నీళ్లలో ముంచే తీరిక ఇంటి పనుల మధ్య ఎవరికి ఉంటుంది?

దాణా లెక్క:
హేచరీ నుంచి ఒక్కరోజు కోడిపిల్లలను మూడింటిని తెచ్చి వాటిలో కలపండి. యంత్రంలో పుట్టి మట్టి తొక్కని పిల్లకు ఆ పురుగు ఉండదు. కోడిపిల్ల చురుకు, అది పొడుస్తుంటే చూసి టర్కీ పిల్లలూ పొడుస్తాయి. అవి తినడం మొదలుపెట్టగానే కోడిపిల్లలను వేరు చేసేయవచ్చు.

పెరటి గంప:
అంటే కోడే నేర్పాలని ఒప్పుకున్నట్టే కదా. తల్లిని తప్పించి పిల్లను పెట్టారు, అంతే! సరే, ఇది నాకూ నచ్చింది. కానీ మొదటిసారి పెంచేవారికి బల్బు కింద నష్టమే ఎక్కువని ఇప్పటికీ అంటాను.

వేపచెట్టు నీడ:
అందరికీ ధన్యవాదాలు. బల్బు, మూడు కోడిపిల్లలు. అత్తగారికి పురుగు సంగతి చెప్పాను, "అయితే నా పెట్టకు రోగమంటావా" అని కోపం వచ్చింది. టర్కీలను ఉంచేది పాత ఎడ్ల కొట్టంలో. కోళ్లు అక్కడా తిరిగేవి. పైమట్టి తీయించి బండలు పరిస్తే చాలా?

కుంపటి వద్దు:
బండలు పరిచి వాటి మీద ఊక వేయండి. కొట్టంలోకి వెళ్లేటప్పుడు దొడ్లో తిరిగిన చెప్పులు గుమ్మం బయటే విప్పండి.