కేదార్‌కంఠ ట్రెక్: కుర్రాళ్ల బ్యాగులు, చలి, ఆయాసం గురించి కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. డిసెంబరు చివర్లో మా వరంగల్ కాలనీ కుర్రాళ్లు తొమ్మిది మందిని ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి తీసుకెళ్తున్నాను. అందరూ 18 నుంచి 21 ఏళ్ల లోపు వాళ్లే. డెహ్రాడూన్ దాకా రైలు, అక్కణ్ణుంచి ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊరికి జీపు.

మొన్న ఆదివారం ప్రాక్టీసుకని నిండు బ్యాగులతో రమ్మన్నాను. కిరాణా కొట్టు కాటా మీద పెడితే ఒకడి బ్యాగు 14 కిలోలు తూగింది! విప్పి చూస్తే రెండు జీన్సు ప్యాంట్లు, బ్లూటూత్ స్పీకరు, వాళ్లమ్మ పెట్టిన ఆవకాయ సీసా. తడిస్తే ఓ పట్టాన ఆరవని జీన్సులు తీయించాను గానీ, ఆవకాయ దగ్గర నా మాట చెల్లలేదు. మీరు మనిషికి ఎన్ని కిలోలు మోశారు?

అసలు టెన్షన్ వేరే ఉంది. ఒకడికి చిన్నప్పటి నుంచి ఆయాసం, ఇన్‌హేలర్ వాడతాడు. డాక్టరు వెళ్లొచ్చనే అన్నారు. కానీ శిఖరం 12,500 అడుగులు. పైగా గడ్డకట్టే చలిలో ఇన్‌హేలర్ సరిగా పనిచేయదని, చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోవాలని చదివాను. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఆఖరి ఎక్కుడు ఇలాంటివాడు ఎక్కొచ్చా, లేక బేస్ క్యాంపులోనే ఆపేయాలా? ఆపితే తోడుగా ఎవరుంటారు? ఆయాసం ఉండీ వెళ్లొచ్చినవాళ్లు చెబితే బాగుంటుంది.

ఇంకొకటి, మంచు బూట్లు ఇక్కడే కొనాలా, సాంక్రీలో అద్దెకు తీసుకుంటే సరిపోతుందా? మాలో ఒకడిది 11 నంబరు పాదం మరి.