కారం పౌచ్ జిప్ మీద పేటెంట్ నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా అత్తయ్య, నేను కారం, కందిపొడి కొట్టించి అమ్ముతాం. మామూలు జిప్ పౌచ్‌లో రెండోసారి తెరిచేసరికే కారం గాడిలో చేరిపోయి మూత పడేది కాదు. వాడేవాళ్లు రబ్బరు బ్యాండు వేసుకునేవారు. అందుకని విజయవాడ వన్‌టౌన్‌లో ఒక షాపు నుంచి రెండు వరసల జిప్ ఉన్నవి నాలుగు వేలు తెప్పించాం. సగం అయిపోయాయి. మొన్న లాయర్ నోటీసు వచ్చింది. ఆ జిప్ మీద వాళ్లకు పేటెంట్ ఉందట, 15 రోజుల్లో అమ్మకం ఆపి నష్టపరిహారం కట్టాలట. మేం కొనుక్కున్నవాళ్లమే కదా, మా మీదకెందుకు వస్తారు? టెన్షన్‌తో అత్తయ్యకు అన్నం సయించడం లేదు.

ఆటోనగర్ ప్యాకింగ్: కంగారుపడకమ్మా. గట్టు గాడిలోకి నొక్కుకునే జిప్ చాలా పాతది. జిప్‌లాక్ సంచులు అమెరికాలో 1968లోనే వచ్చాయి. పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే. అంటే వాళ్లది ఆ పాత జిప్‌కి చేసిన ఏదో మార్పు మీదే అయ్యుండాలి. నోటీసులోని నంబరు కొడితే పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో కాగితాలన్నీ ఉచితంగా కనిపిస్తాయి. బొమ్మలు చూసి భయపడొద్దు, చివర్లో ఉండే క్లెయిములు, అంటే తమ హక్కు సరిగ్గా దేనిమీదో వాళ్లు రాసుకున్న వాక్యాలు, చదువు. మొదటి క్లెయిములో చెప్పినవన్నీ మీ పౌచ్‌లో ఉన్నాయా, అదే అసలు సంగతి. పేటెంట్ నిలవాలంటే ఏటా కట్టాల్సిన ఫీజు కట్టారో లేదో కూడా చూడు.

కోర్టు పని చేసేవాణ్ణి: కొన్నాం కదా అంటే సరిపోదండీ. 1970 పేటెంట్ల చట్టం 48వ సెక్షన్‌లో తయారీతో పాటు వాడకం, అమ్మకం కూడా ఉన్నాయి. అయితే పేటెంట్ సంగతి తెలియదని, తెలిసే అవకాశమూ లేదని మీరు నిరూపిస్తే 111వ సెక్షన్ కింద నష్టపరిహారం వేయరు. నోటీసు అందాక మాత్రం ఆ మాట చెల్లదు. కాబట్టి తేలేదాకా మిగతావి వాడకండి. షాపు బిల్లులు తీసిపెట్టండి, జవాబు మీరే రాసి పంపొద్దు. వాళ్లది ఉత్తి బెదిరింపని తేలితే 106వ సెక్షన్ కింద మీరే కోర్టుకు వెళ్లొచ్చు.

అడిగినావిడ: ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. నిన్న రాత్రి కూర్చుని చదివాం. మొదటి క్లెయిములో రెండు వరసలతో పాటు, పొడి పైకి రాకుండా జిప్ కింద లోపలివైపు పలచని రెక్క ఉండాలని రాశారు. పౌచ్‌ను బ్లేడుతో అడ్డంగా కోసి, అంచును భూతద్దంలో చూశాం. వరసలు రెండే, రెక్క లేదు. అత్తయ్యకు నమ్మకం కుదరక ఇంకో మూడు కోయించింది. వాటిలోనూ లేదు. కోసిన ముక్కలు, బిల్లులు పట్టుకుని సోమవారం లాయర్ దగ్గరకు వెళ్తున్నాం. మిగిలిన రెండు వేలూ అటక మీద పెట్టేశాం.