కాలనీ సంగీత పాఠశాలలు, అక్కడి గురువులు: మీ అనుభవాలు తెలుపగలరు

పటమట గృహిణి:
మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మా కాలనీ సంఘం వారు కమ్యూనిటీ హాలులో సాయంత్రం వేళల్లో గాత్రం, వయొలిన్, మృదంగం తరగతులు నడుపుతున్నారు. రుసుము తక్కువే, ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. అయితే ఒక్క గురువు ముందు అంతమంది పిల్లలు కూర్చుని ఒకేసారి పాడుతుంటే మా పిల్ల గొంతు ఆవిడకు విడిగా వినిపిస్తుందా అన్నది నా సందేహం. ఇంటికి వచ్చి చెప్పేవారిని పెట్టుకోవడం మేలని మా అత్తగారు అంటున్నారు. విజయవాడ, గుంటూరులలో ఇలాంటి పాఠశాలల్లో పిల్లలను చేర్పించినవారు, స్వయంగా నేర్చుకున్నవారు ఏమి గమనించారో చెప్పగలరని మనవి.

వీణాభిమాని (సత్యనారాయణపురం):
అమ్మా, మీ సందేహం సరైనదే. చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్లి, హాలులో వెనక కూర్చుని, పూర్తి తరగతి వినండి. మా అబ్బాయి నేర్చుకున్న చోట గురువుగారు సరళీ స్వరాలను (స-రి-గ-మ వరుసల తొలి పాఠాలను) మొదట అందరిచేత కలిపి పాడించి, ఆ తర్వాత ఒక్కొక్కరిని విడిగా పాడమనేవారు; మిగిలిన పిల్లలు ఆది తాళం వేస్తూ వినవలసిందే. ఆ పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం (రి) మీది నుంచి అంతర గాంధారానికి (గ) వెళ్లే దూరం ఎక్కువ కాబట్టి చాలామంది పిల్లలకు గాంధారం కొంచెం కిందికి జారిపోతుంది, గుంపులో పాడినప్పుడు ఆ సంగతి బయటపడదు. ఆవిడ అక్కడే ఆపి, తాను గాంధారం మీద నిలిచి, పిల్లవాడి స్వరం వచ్చి తన స్వరంలో కలిసిపోయేదాకా వేచి ఉండేవారు. పక్కవాడి స్వరం ఎక్కడ జారిందో, ఎలా సరిపడిందో వినడం వల్ల మా అబ్బాయికి చెవి తొందరగా కుదిరిందని నా గట్టి నమ్మకం. ఆ అవకాశం ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే పిల్లలకు ఉండదు. విడిగా పాడించని గురువు దగ్గర మాత్రం, ఎంత పేరున్నవారైనా సరే, చేర్పించవద్దని నా సలహా.

బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయుడు (గుంటూరు):
నలుగురి మధ్య నేర్చుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. త్యాగరాజస్వామి శిష్యపరంపరలో, మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గార్ల తర్వాతి తరానికి చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు విజయవాడలో ఎందరికో విద్య చెప్పారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, 2021లో పద్మశ్రీ అందుకున్న వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు ఆయన శిష్యులే. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన తర్వాత మంచి సంగీతం రేడియో ద్వారా ఇంటింటికీ చేరింది, ఊళ్లో ప్రభుత్వ సంగీత కళాశాల ఏర్పడి బాలమురళి గారే ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఈనాటి కాలనీ పాఠశాలల్లో చెప్పే ఉపాధ్యాయులలో అలాంటి కళాశాలల్లో డిప్లొమా చేసినవారు ఎందరో ఉన్నారు. కాబట్టి రుసుము తక్కువ కనుక విద్య కూడా తక్కువ స్థాయిలో ఉంటుందని అనుకోవద్దు. గురువుగారిని వారి గురువు ఎవరని గౌరవంగా అడగండి, సంతోషంగా చెబుతారు.

గాత్ర ఉపాధ్యాయురాలు:
బోధించే వైపు నుంచి రెండు విషయాలు మనవి చేస్తాను. మొదటిది శ్రుతి, అంటే పాడేవారు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు; అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లలకు ఐదు, ఐదున్నర శ్రుతి సాధారణంగా సరిపోతుంది కాబట్టి అందరినీ కలిపి కూర్చోబెట్టవచ్చు. మగపిల్లలకు గొంతు మారే వయసు రాగానే వారిని వేరు చేసి, ఒకటి లేదా ఒకటిన్నర శ్రుతిలో పాడించకపోతే గొంతు దెబ్బతింటుంది. పెద్ద పిల్లలను, చిన్న పిల్లలను ఒకే శ్రుతిలో అరిపించే చోటుకు పంపకండి. రెండవది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. సరళీ, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటి, వర్ణాలు మూడు కాలాల్లో (వేగాల్లో) నిలకడగా పాడే దశకు వచ్చేసరికి పిల్లలు తొమ్మిదో తరగతికి వస్తారు. విజయవాడలో ఆ వయసు నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఆ పైన ఇంటర్ హాస్టల్. కృతి (త్యాగరాజ కీర్తనల వంటి రచన) మొదలుపెట్టవలసిన సమయంలో పిల్ల మానేస్తుంది. వారానికి ఒక్క గంటైనా కొనసాగిస్తామని తల్లిదండ్రులు ముందే అనుకుంటే ఆ విద్య నిలుస్తుంది.

మృదంగ విద్యార్థి (కృష్ణలంక):
గాత్రం, వయొలిన్, మృదంగం ఒకే చోట చెప్పడం వల్ల కలిగే లాభాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. నేను నేర్చుకునే చోట నెలకొకసారి గాత్రం పిల్లలు పాడుతుంటే మేము వాయిస్తాము. అంతకు ముందు ఎన్ని పాఠాలు అప్పజెప్పినా, పాడేవారు అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) ఎత్తుకునే ముందు చోటు విడిచిపెట్టడం, వారి గొంతును మించకుండా వాయించడం నాకు అక్కడే తెలిసింది. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో అందరమూ కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ పంచరత్నాలను గోష్ఠిగా పాడి, వాయిస్తాము. చిన్నపిల్లలు వచ్చినంతవరకు పాడి, రానిచోట తాళం వేస్తారు.

గుంటూరు నుంచి ఒక తండ్రి:
మా అనుభవం అంత మంచిది కాదు. మేము చేర్పించిన పాఠశాలలో గురువులు తరచుగా మారిపోయారు, వచ్చిన ప్రతివారూ మళ్లీ సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టారు. పరీక్షల నెలల్లో పిల్లలు రారని ఆ నెలలకు నిర్వాహకులు గురువులకు ఏమీ ఇచ్చేవారు కాదని తర్వాత తెలిసింది. తెల్లవారుజామున అమెరికాలోని పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పి, సాయంత్రం ఇక్కడికి వచ్చే గురువు, ఆ ఆన్‌లైన్ ఆదాయమే నిలకడగా ఉన్నప్పుడు మన దగ్గర ఎందుకు ఉంటారు? గురువుకు పన్నెండు నెలలూ ఇస్తున్నారా అని మీ సంఘం వారిని తప్పక అడగండి.

పటమట గృహిణి:
అందరికీ నమస్కారాలు. సంఘం కార్యదర్శిగారితో మాట్లాడాను. ఏడాది పొడుగునా గౌరవ వేతనం ఇస్తున్నారట, ఈ శనివారం తరగతి వినడానికి రమ్మన్నారు. ఇంట్లో సాధనకు ఫోన్‌లోని తంబూరా యాప్ చాలునా, శ్రుతిపెట్టె కొనాలా?

గాత్ర ఉపాధ్యాయురాలు:
ఇప్పటికి యాప్ చాలునమ్మా. ఫోన్ స్పీకర్‌లో మంద్ర షడ్జం (కింది స్థాయి స) సరిగా వినిపించదు కాబట్టి ఒక చిన్న స్పీకర్‌కు కలపండి. తరగతిలో గురువుగారు పెట్టే శ్రుతినే ఇంట్లోనూ పెట్టండి.