అప్‌డేట్: కెనడాలోని సాస్కటూన్‌లో మొదటి చలికాలం

ఆగస్టులో అడిగాను, గుర్తుందా? సెప్టెంబరులో భార్య, నాలుగేళ్ల పాపతో సాస్కటూన్ వస్తున్నాం, ఉండటానికి బేస్‌మెంట్ (ఇంటి కింది నేలమాళిగ) చాలా, కారు వెంటనే కొనాలా అని. బేస్‌మెంట్ వద్దని సగం మంది చెప్పినా అద్దె చూసి అందులోనే దిగాం, తప్పు చేశాం. హీటింగ్ కంట్రోల్ పై అంతస్తులో ఓనర్ దగ్గర ఉంటుంది, వాళ్లు ఊరెళ్తూ తగ్గించేసి పోతే మేం మూడు రోజులు రగ్గుల్లోనే. జనవరిలో అపార్ట్‌మెంటుకి మారిపోయాం.

కారు వెంటనే కొనమన్న మీరే కరెక్ట్. మైనస్ 30లో బస్సు కోసం పాపని ఎత్తుకుని నిలబడ్డ రోజే సెకండ్ హ్యాండ్ కారు కొనేశాను. ముందు గ్రిల్‌లోంచి ప్లగ్గు వేలాడుతుంటే ఇదేంటి, ఎలక్ట్రిక్ కారా అనుకున్నా, తీరా అది బ్లాక్ హీటర్ (ఇంజన్ని వెచ్చగా ఉంచేది) అట, రాత్రి కరెంటుకి పెట్టకపోతే పొద్దున ఇంజను మూలుగుతుంది తప్ప స్టార్ట్ కాదు. ఇండియా లైసెన్స్ చూపిస్తే ఇక్కడిది నేరుగా ఇవ్వరు, రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ ఇచ్చాను. రోడ్డు పరీక్ష రెండోసారికి పాసయ్యాను (షోల్డర్ చెక్, అంటే పక్కకి తిరిగేముందు తల తిప్పి భుజం మీదుగా చూడటం మర్చిపోయా, హైదరాబాద్ అలవాటు).

డిసెంబరులో తొమ్మిది దాటాక గానీ తెల్లారదు, దానికి మాత్రం మా ఆవిడ ఇంకా అలవాటు పడలేదు. ఒక్క సుఖం, ఈ రాష్ట్రంలో వేసవికీ చలికాలానికీ గడియారాలు ముందుకీ వెనక్కీ జరపరు, ఇండియాలో అమ్మకి ఎప్పుడు ఫోన్ చేయాలన్నా పదకొండున్నర గంటల తేడానే.

ఉద్యోగం? గోదాంలో పార్ట్‌టైం. నా ఫీల్డులో ఇంటర్వ్యూ వచ్చే వారం ఉంది.